వైద్యులు ఒకచోట ఏల నిలువరు?



గత వేసవిలో తండ్రిగారి ఆబ్దికమునకై నేను మా స్వగ్రామమునకు పోయితిని. అది సంగారెడ్డికి పడమట నున్న ఒక చిన్న పల్లె. భోజనములైన పిమ్మట వేపచెట్టు క్రింద నులకమంచముపై కూర్చుండియున్న ఒక వృద్ధుడు, నాకు పెదనాయన వరుసవాడు, నన్ను దగ్గరకు పిలిచి యిట్లడిగెను:

"ఏం బిడ్డా, మన పల్లె దవాఖానల డాక్టరమ్మ గూడ పోయిందంట. రెండేండ్లల్ల నలుగురు మారిండ్రు. మన ఊరి నీళ్లు చెడ్డవా, మనుషులు చెడ్డోళ్లా?"

"పై సదువుకు పోయిందంట పెదనాయనా" అని చెప్పి నేను తప్పించుకొంటిని. ఆయన మాటాడక యూరకుండెను గాని తృప్తి పడినట్లు నాకు తోపలేదు. నాకును తృప్తి లేదు. ఏలయన, ఇరువది రెండేండ్లుగా నేనును అట్టి నిలకడ లేని వైద్యుడనే. నేను మత్తుమందు నిచ్చు వైద్యుడను. పల్లెలలో మమ్ము మత్తు డాక్టరందురు. చందానగరములో కాపురముందును. ఏ యాసుపత్రిలోను నాకు స్థిరమైన కుర్చీ లేదు. పిలిచిన చోటికి పోవుదును, పని ముగిసినంతనే తిరిగి వత్తును. కావున పెదనాయన ప్రశ్న నాకును తగిలినది. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమును ఈ ప్రసంగమున చెప్పుటకు ప్రయత్నింతును.

చందానగరము మీలో కొందఱెఱిగినదే. జహీరాబాదు, సదాశివపేట, సంగారెడ్డి వైపుల నుండి బస్సులో నగరమునకు వచ్చువారు పటాన్‌చెరువు, రామచంద్రపురము, లింగంపల్లి దాటి చందానగరము మీదుగనే మియాపురమునకు పోవుదురు. ఒకప్పుడది పొలముల నడుమ నున్న పల్లె. 1960 తర్వాత రామచంద్రపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము వెలసినది. 1998లో మాదాపురమున హైటెక్ సిటీ మొదటి భవనము తెఱవబడినది. 2003లో లింగంపల్లికి ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చినవి, 2007లో ఈ ప్రాంతమంతయు గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినది, 2017లో మియాపురము నుండి మెట్రో రైలు నడచినది. జనము పెరిగిన కొలది ఆసుపత్రులును పెరిగినవి. హైవే కిరుప్రక్కల నిప్పుడు కిరాణా దుకాణముల బోర్డులెన్నియో ఆసుపత్రుల బోర్డులును దాదాపన్ని.

ఆ బోర్డులలో ఒకదాని యెదుట నిలిచి చదువుడు. పది మంది డాక్టర్ల పేర్లుండును. గుండెకొకరు, ఎముకలకొకరు, మూత్రపిండములకొకరు. లోపల పగలంతయు నుండువారు ఇద్దఱో ముగ్గురో. తక్కినవారు పిలిచినపుడు వచ్చువారు. ఇది మోసమని మీరు తలపవలదు. ముప్పది పడకల యాసుపత్రి పది మంది నిపుణులకు నెలజీతమీయజాలదు. ఉండుకము వాచిన రోగి వచ్చినచో శస్త్రవైద్యునికి కబురు పోవును, మత్తు డాక్టరునకు కబురు పోవును. ఇద్దఱును వేర్వేఱు దిక్కుల నుండి వత్తురు. కట్టడము, నర్సులు, పడకలు ఆసుపత్రివారివి. నా సంచి నాది. అందులో గొంతుకలోనికి చూచు దీపపు సాధనము, శ్వాసనాళమున దించు గొట్టములు, ప్రాణము మీదికి వచ్చినపుడు వాడు నాలుగు మందులు ఎప్పుడును సిద్ధముగా నుండును. స్కూటరు ముందుభాగమున ఆ సంచిని పెట్టుకొని ఒకే దినమున మియాపురము, మదీనాగూడ, రామచంద్రపురములలో మూడు చోట్ల మత్తుమందిచ్చిన దినములు కలవు.

తాత్కాలిక వైద్యమనగా ఇదియొక్కటియే కాదు. రాత్రి ఎనిమిది మొదలు ఉదయము ఎనిమిది వఱకు పెద్ద డాక్టర్లకు బదులుగా కాచుకొనియుండు డ్యూటీ డాక్టరు, ఏడాది కొప్పందము వ్రాసికొని బస్తీ దవాఖానాలో కూర్చుండు డాక్టరు, హైదరాబాదు నుండి ఆదివారము మాత్రము మీ తాలూకా పట్టణమునకు వచ్చి మధ్యాహ్నము వఱకు రోగులను చూచిపోవు నిపుణుడు, వీరందఱు నీ కులమువారే. ఇంగ్లండులో ఒకరి సెలవుకాలమున వారికి బదులు పనిచేయు వైద్యుని 'లోకమ్' అందురు. అది 'లోకమ్ టెనెన్స్' అను లాటిను మాటకు కుఱుచ రూపము. స్థానమును పట్టియుండువాడని యర్థము. అక్కడ నున్న మన పిల్లలు టెలిఫోనులో "లోకం చేస్తున్నాను నాన్నా" అనినపుడు ఇక్కడి తండ్రులు కొంత కలవరపడుట నేనెఱుగుదును.

ఇక కారణములు. వీటిలో పెదనాయనగారి డాక్టరమ్మకు సంబంధించినది మొదట చెప్పెదను.

ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర యేండ్లు, హౌస్ సర్జనుగా మఱొక యేడు. అయిదున్నర యేండ్లు గడచిన పిమ్మట ఆ యువకుడు డాక్టరగును. కాని లోకము వానిని పూర్తి డాక్టరుగా లెక్కింపదు. పెండ్లి సంబంధము చూడవచ్చినవారు సైతము "పీజీ ఎప్పుడు?" అని యడుగుదురు. రోగులును అంతియే, ఎం.బి.బి.ఎస్. అని బోర్డున్నచో లోనికి తొంగిచూచి పక్క వీథిలోని నిపుణుని కడకు పోవుదురు. కావున పై చదువు తప్పదు. దానికి దేశవ్యాప్తమైన పరీక్ష, నీట్ పీజీ. సీట్లు తక్కువ, పోటీ పడువారెక్కువ. ఒకటి రెండేండ్లు చదివినను కోరిన విభాగము దొరకనివారనేకులు. పైగా పరీక్ష చెప్పిన నాటికి జరుగునను నమ్మకము లేదు. 2021లో ఏప్రిల్ నెలలో జరుగవలసిన పరీక్ష కరోనా మూలమున సెప్టెంబరు 11వ తేదీకి పోయినది. సీట్ల పంపకము 2022 జనవరిలో గాని మొదలు కాలేదు. 2024లో జూన్ 23న జరుగవలసిన పరీక్షను ముందు రాత్రి నిలిపివేసి ఆగస్టు 11న జరిపిరి. పరీక్షకై ఊళ్లు దాటి, రైళ్లెక్కి, బసలలో దిగిన పిల్లలకు రాత్రి పది గంటలకు రేపు పరీక్ష లేదని తెలిసినది.

ఇట్టి స్థితిలో నున్నవారు మూడేండ్ల కొప్పందమెట్లు వ్రాసికొందురు? ఇంటి యద్దె, పుస్తకముల వెల, శిక్షణ రుసుము కావలెను. చదువుకొనుటకు తీరికయు కావలెను. ఈ రెండును ఇచ్చునది తాత్కాలికమైన పనియే. చందానగరపు ఆసుపత్రులలో రాత్రి రెండు గంటలకు నేను శస్త్రచికిత్స ముగించుకొని బయటికి వచ్చునపుడు, అత్యవసర విభాగపు బల్లమీద రోగి కాగితముల ప్రక్కన తెఱచియున్న లావు పుస్తకమును, దానిపై తల వాల్చి నిదురించుచున్న డ్యూటీ డాక్టరును చూచుట పరిపాటి. మీ ఊరికి వచ్చిన డాక్టరమ్మయు పగలు మిమ్ము చూచి రాత్రి చదువుకొనియుండును. ఆమె వచ్చిన నాడే పోవు దినము నిశ్చయమైయున్నది. మీరు ఆమెను గెంటలేదు. ఆమె మిమ్ము కాదనలేదు.

ఊరికి వచ్చుట సైతము కొంత లెక్క చూచుకొనియే జరుగునని నిజము చెప్పవలెను. తెలంగాణ ప్రభుత్వము 2022లో సివిల్ అసిస్టెంట్ సర్జనుల నియామకమునకు ప్రకటన చేసినపుడు 100 మార్కులలో 80 చదువులోని మార్కులకును, 20 ప్రభుత్వాసుపత్రులలో కాంట్రాక్టు లేక ఔట్‌సోర్సింగు పద్ధతిని చేసిన సేవకును కేటాయించినది. గిరిజన ప్రాంతమున ఆఱు నెలలు చేసినచో 2.5 మార్కులు, ఇతర ప్రాంతములలో ఆఱు నెలలకు 2. తాత్కాలికమైన పని స్థిరమైన పనికి మెట్టయినది. దీనిని నేను తప్పు పట్టను. మార్కుల కొఱకు వచ్చిన డాక్టరు వ్రాసిన మందును జ్వరమును తగ్గించును గదా.

ఇక్కడ ఒక మాట. "ఏల కోరుచున్నారు" అని మనమడుగుచున్నాము గాని సగము మంది కోరినది కాదు, దొరకినది. 2005లో జాతీయ గ్రామీణారోగ్య మిషను మొదలయినది మొదలు కొత్త కొలువులలో పెక్కులు కాంట్రాక్టు కొలువులే. 2018లో హైదరాబాదున తెఱచిన బస్తీ దవాఖానాలలో డాక్టర్లను ఆ పద్ధతినే తీసికొనిరి. 2020లో కరోనా వచ్చినపుడు గచ్చిబౌలి క్రీడాప్రాంగణపు భవనమును కొన్ని వారములలో టిమ్స్ ఆసుపత్రిగా మార్చి, తాత్కాలిక నియామకములతో నడపిరి. పల్లె దవాఖానాలలో ఎం.బి.బి.ఎస్. వైద్యులతోపాటు, బి.ఎస్‌సి. నర్సింగు గాని ఆయుర్వేదము గాని చదివి ఆఱు నెలల ప్రత్యేక శిక్షణ పొందినవారును కూర్చుండుచున్నారు. రక్తపోటు, మధుమేహము, గర్భిణీ స్త్రీల పరీక్షలు వీరు చక్కగా చూడగలరు. వీరి కొలువును ఒప్పందపు కొలువే. స్థిరమైన నర్సు పోస్టునకు ప్రకటన పడినంతనే వీరు దానికి దరఖాస్తు పెట్టుదురు. ఒప్పందపు జీతము కొన్ని చోట్ల నెలల తరబడి నిలిచిపోవుట కలదు. అట్టి చోట ఎవడు నిలుచును?

మఱియొక కారణము కాపురము. మా వీథిలో పిల్లల వైద్యము చదివిన యొక డాక్టరమ్మ గలరు. భర్త హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి; అమెరికా పగటివేళ కనుగుణముగా ఆయనకు పని మన రాత్రివేళ. ఒక పెద్ద యాసుపత్రివారు ఆమెకు మంచి జీతముతో స్థిరమైన ఉద్యోగమిత్తుమనిరి, నెలకు ఎనిమిది రాత్రులు డ్యూటీ చేయవలెననిరి. ఇంట అయిదేండ్ల పిల్ల. ఆ పిల్లను రాత్రి యెవరు చూచుకొందురు? ఆమె ఆ ఉద్యోగమును కాదని, రెండు చిన్న ఆసుపత్రులలో ఉదయపు పూటలు మాత్రము చూచుచున్నారు. ఆమెను సంగారెడ్డి జిల్లా పల్లెకు బదిలీ చేసినచో కొలువు మానుకొనును గాని కాపురము మానుకొనదు. వైద్యవిద్యలో చేరు ఆడపిల్లల సంఖ్య పెరుగుచున్న యీ కాలమున ఈ కారణము నానాటికి బలపడుచున్నది. కొలువుల నియమములు మాత్రము ఇంటి పనియంతయు భార్య చేయు మగ డాక్టరును మనస్సున నుంచుకొని వ్రాసినవే.

నా కారణము వేఱు. నేను స్థిరమైన ఉద్యోగము చేయక పోలేదు. ఏడేండ్లు ఒక ఆసుపత్రిలో చేసితిని. దాని పేరిక్కడ అనవసరము. మా తండ్రిగారికి పక్షవాతము వచ్చినపుడు ఇరువది దినముల సెలవు కోరితిని. డ్యూటీ పట్టికలో నా స్థానమున వేయుటకు మఱొక మత్తు డాక్టరు లేడనిరి. మూడు దినములిచ్చిరి. నాలుగవ దినమున నేను పనిలోనికి పోయితిని; తొమ్మిదవ దినమున ఆయన పోయిరి. ఆసుపత్రివారిని నిందింపజాలను. నేను లేనిచో వారి రోగులకు శస్త్రచికిత్స జరుగదు. కాని ఆ నెలాఖరుననే రాజీనామా ఇచ్చితిని. నా స్థానమును మూడు వారములు పట్టియుండుటకు ఒక తాత్కాలిక వైద్యుడు ఆనాడు దొరకియుండినచో, నేను నేటికిని అక్కడనే స్థిరముగా నుండెడివాడనేమో! ఈ సంగతి నాకు చాల కాలమునకు గాని తట్టలేదు.

మీకొక ఉపమానము చెప్పెదను. మన తెలంగాణ పల్లెలలో పూర్వము పెద్ద రైతు కడ ఏడాది జీతమునకు కుదిరినవానికి తిండికి లోపము లేదు, బట్ట కలదు, పండుగకు కొంత ముట్టును. అయినను వీలు చిక్కినంతనే వాడు జీతము మాని కూలికి పోయెను. కూలిలో నేడు పని యుండును, రేపుండదు. జ్వరము వచ్చిన గంజి లేదు. ఏల పోయెను? జీతమున రాత్రియు దొరదే. అర్ధరాత్రి నీళ్లు కట్టుమనినను, పిల్లవాడు జబ్బుపడినను కాదనరాదు. కూలివాని సాయంకాలము వానిది. చదువుకొన్న డాక్టరును జీతగానితో పోల్చితినని నవ్వకుడు. భేదము సొమ్ములో గలదు గాని స్వభావమున లేదు. నాకును పింఛను లేదు, సెలవు లేదు, జబ్బుపడిన దినమున రాబడి లేదు. పరిచయము లేని శస్త్రశాలలో మొదటిసారి అడుగుపెట్టినపుడు ప్రాణవాయువు సిలిండరును నా చేతితో త్రిప్పి చూచుకొనువఱకు నాకు నెమ్మది యుండదు. అయినను ఆబ్దికమునకు ఊరికి పోవలెనన్నచో ఎవరి యనుమతియు కోరనక్కఱలేదు.

సముద్రములు దాటినను కథ యిదియే. బ్రిటనులో రెండేండ్ల ప్రాథమిక శిక్షణ ముగిసినంతనే వెంటనే పై శిక్షణలో చేరక, ఒక సంవత్సరము లోకమ్ పనులు చేయుచు ఊపిరి పీల్చుకొను యువ వైద్యులనేకులు. అమెరికాలో 1965లో కొలరాడో రాష్ట్రమున నర్సులకు పై శిక్షణనిచ్చి రోగులను స్వతంత్రముగా చూచునట్టి యేర్పాటు మొదలయినది. అట్టి నర్సులును, డాక్టర్లును గూడ అక్కడి మారుమూల ఊళ్లలో కొద్ది నెలల ఒప్పందములపై పనిచేసి మఱొక రాష్ట్రమునకు పోవుదురు. మనదేశమున పదవీవిరమణ పొందిన ముసలి వైద్యులు వారమునకు రెండు పూటలు కూర్చుండుట మీరెఱిగినదే. వారికిది పొట్టకూటికి కాదు, చేతులూరకుండలేక.

భయమును గుఱించియు చెప్పవలెను. రోగి చనిపోయినపుడు బంధువుల కోపము ఆ గంటలో ఎదుట నున్న డ్యూటీ డాక్టరుపై పడును. ఆసుపత్రి స్వామిపై గాదు, బోర్డు మీది నిపుణునిపై గాదు. ఇరువదియైదేండ్ల పిల్ల, ఆ రోగిని గంట క్రిందట మొదటిసారి చూచినది, తలుపు గడియ వేసికొని పోలీసులకు ఫోను చేయుట నేను కన్నులార చూచితిని. వైద్యులపై దౌర్జన్యమును శిక్షించుటకు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008లోనే చట్టము వచ్చినది. చట్టము మరునాడు వచ్చును. రాళ్లు ఆ క్షణముననే వచ్చును. మరునాడామె ఆ ఊరు మానినచో వింత యేమి?

ఇంతవఱకు డాక్టరు పక్షమున మాటాడితిని. రోగి పక్షమును వినవలెను గదా. తాత్కాలిక వైద్యుడు తక్కువ వైద్యుడా? ఈ ప్రశ్నను అమెరికావారు లెక్కలు కట్టి పరిశీలించిరి. ఆసుపత్రులలో చేరిన వృద్ధులను స్థిరవైద్యులు చూచినపుడును, తాత్కాలిక వైద్యులు చూచినపుడును ముప్పది దినములలో ఎందఱు మరణించిరని చూడగా రెండింటికిని చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అది 2017లో అక్కడి వైద్యసంఘపు పత్రికలో ప్రచురింపబడినది. కాని అందులోనే మఱొక సంగతి గలదు. తాత్కాలిక వైద్యులను ఎప్పుడో గాని పిలువని ఆసుపత్రులలో, వారు చూచిన రోగుల మరణములు ఎక్కువగా నుండెను. దీనికి నా భావము చెప్పెదను: కొత్తవానికి దారి చూపు అలవాటు లేని యింట కొత్తవాడు తడబడును. మందులెక్కడ, పాత కాగితములెక్కడ, ఏ నర్సుకు ఏ పని వచ్చును, ఇవి యెవరును చెప్పరు.

నార్వే దేశమున జరిగిన పరిశోధన 2022లో వెలువడినది. పదునైదేండ్లకు పైగా ఒకే కుటుంబవైద్యుని కడ నున్నవారిలో, వైద్యుని మార్చి ఏడాది దాటనివారి కంటె మరణములు సుమారు నాలుగవ వంతు తక్కువ; ఆసుపత్రిలో చేరవలసిన యక్కఱయు అంతే తక్కువ. 2018లో ఇట్టి 22 పరిశోధనలను కలిపి చూడగా 18 అదే మాట చెప్పినవి. ఈ రెండు విషయములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. కొత్త డాక్టరు చేతిలో లోపము లేదు. పాత డాక్టరు తలలో నున్న జ్ఞాపకము ఆయనతో వెడలిపోవుచున్నది, నష్టము అక్కడ.

మా పెదనాయన సంగతియే చూడుడు. ఆ మధ్యాహ్నము మాటలలో నాయన కాళ్ల వైపు చూచితిని. చీలమండలు ఉబ్బియున్నవి. మందులు చూపుమనగా ఇంటిలోనికి పోయి బట్ట సంచి తెచ్చెను. అందులో రక్తపోటునకు రెండు పేర్ల మాత్రలు. పేర్లు వేఱు, కంపెనీలు వేఱు, మందు ఒకటే, అమ్లోడిపిన్. ఒకటి మొదటి డాక్టరు వ్రాసినది, రెండవది ఆదివారపు డాక్టరు సంగారెడ్డిలో వ్రాసినది. రెండింటిని కలిపి మ్రింగుచుండుట వలన కాళ్లు వాచినవి. ఆ మందు మోతాదు మించినపుడు అట్లగుట కలదు. వాపు చూచిన మూడవ డాక్టరు నీరు తీయుటకు మఱొక మాత్ర వ్రాసెను. దానివలన రాత్రి నాలుగు మాఱులు లేచుట, తల తిరుగుట. గత మాఘమాసమున గడపమీద పడి నుదురు పగులగొట్టుకొనినాడట! ముగ్గురిలో నెవ్వరును చేసిన తప్పు లేదు. ఒకరు వ్రాసినది మఱొకరికి తెలియదు, అంతియే.

ఊరి ఆర్.ఎం.పి.ని జనము ఏల నమ్ముదురో నాకీ సంచి చూచినపుడు తెలిసినది. వాని చదువు చాలదు. అక్కఱలేని సూది వేయును, ఇష్టము వచ్చినట్లు బలమైన మందులిచ్చును. వానిని నేను సమర్థింపను. కాని మీ యింట ఎవరికి ఏ మందు పడదో వానికి తెలియును, అర్ధరాత్రి తలుపు తట్టిన లేచును, రేపును అక్కడనే యుండును. మేము చదువు తెచ్చుచున్నాము, నిలకడ తేలేకున్నాము.

ఇది నేటి బాధ కాదు. మదరాసు రాజధానిలో 1920 తర్వాతి దశకమున జస్టిస్ పక్షపు మంత్రివర్గ కాలమున, పల్లెలో కాపురముండు వైద్యునికి ఏటేట కొంత సొమ్ము సర్కారు సాయముగా నిచ్చు పద్ధతి పెట్టిరి. బీదలకు ఉచితముగా చూచి, కలవారి కడ రుసుము తీసికొనవచ్చును. అనగా, డాక్టరు పల్లెలో నిలువడను సంగతి నూఱేండ్ల క్రిందటనే యెఱిగియుండిరి. 1946లో భోర్ సంఘము తన నివేదికలో నేటి ప్రాథమికారోగ్య కేంద్రముల యేర్పాటును సూచించినది. తక్కువ చదువుతో వైద్యము చేయు లైసెన్సియేటు తరగతిని మాని దేశమునకంతకు నొకే తరగతి డాక్టరుండవలెననినది. చదువు స్థాయి పెరిగినది. కాని చదువు పెరిగిన కొలది డాక్టరు పల్లెకు దూరమయ్యెనని నా యభిప్రాయము. ఆ పాత లైసెన్సియేటులకు పోదగిన చోటులు తక్కువ, కావున ఉన్నచోట నుండిరి. నేటి పిల్లలకు చోటులెక్కువ.

కావున డాక్టర్లు మాఱుట ఆగునని మీకు నేను మాట యీయజాలను. మీరు చేయదగినవి కొన్ని కలవు. వచ్చిన డాక్టరుకు నీళ్లు, మరుగుదొడ్డి, తలుపునకు గట్టి గడియ గల అద్దె యిల్లొకటి ఊరిలో చూపుడు. ఆడపిల్ల యైనచో ఇది లేక వారములోపల తిరిగిపోవును. గొడవ జరిగినపుడు మీవంటి పెద్దవారొకరు దవాఖానా గడప మీద కూర్చుండినచో చాలును, చట్టముకంటె అది ముందు పనిచేయును. అన్నిటికంటె ముఖ్యము, మీ మందుల చీటీలు మీ కడ నుంచుకొనుడు. ఇంటికొక నోటుబుక్కు, తేదీ, డాక్టరు చెప్పిన జబ్బు, మందు, పడని మందు. ఏ దవాఖానాకు పోయినను సంచితో సహా మందులన్నియు తీసికొని పోవుడు, ఆదివారపు డాక్టరు కడకు సైతము. ఆశా కార్యకర్తయు ఏ.ఎన్.ఎమ్.యు డాక్టరుతో పోవువారు కారు. ఆశా మీ ఊరి కోడలే. డాక్టరు మాఱినపుడు పాత రిజిస్టరును కొత్త డాక్టరు బల్లమీద పెట్టు బాధ్యత వారికప్పగింపుమని గ్రామసభలో అడుగుడు. ఖర్చు లేని పని ఇది. అందుచేతనే యెవరును పట్టించుకొనరు.

మరునాటి యుదయము నేను పెదనాయనను వెంటబెట్టుకొని పల్లె దవాఖానాకు పోయితిని. కొత్త డాక్టరింకను రాలేదు. అక్కడి నర్సు నేను డాక్టరునని యెఱిగినదగుటచే, పెదనాయన సమ్మతితో, బీరువా తాళము తీసి ఒక రిజిస్టరు చూపెను. వెడలిపోయిన డాక్టరమ్మ తన కడపటి వారమున కూర్చుండి, దీర్ఘరోగముల వారి కొక్కొక్కరికి సగము పుట చొప్పున వ్రాసి పెట్టినది. తరువాత వచ్చువారికని పైన వ్రాసినది. ఎవరును తెఱచినట్లు లేదు. పెదనాయన పుట తీసితిని. ఆమె చిన్నని యక్షరములతో ఇట్లు వ్రాసియుండెను: "కాళ్ల వాపు. రక్తపోటు మాత్రలు రెండు పేర్లతో ఒకటే తీసుకొంటున్నారని అనుమానము. ఇంట్లో ఉన్న మందులన్నీ సంచితో తెమ్మని మూడుసార్లు చెప్పితిని. తేలేదు."

నేను చదివి వినిపించితిని. పెదనాయన కొంతసేపు చేతికఱ్ఱ వైపు చూచుచు నిలిచెను.

"తెమ్మన్నది నిజమే బిడ్డా" అనెను. "ఆ పిల్ల అడిగినప్పుడల్ల, రేపు తెస్త తీ అన్న."